సాయం వద్దంటున్నాడు, డబ్బు వద్దనడం లేదు

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో టీచర్‌ని. మా తమ్ముడికి 37 ఏళ్ళు. తణుకు దగ్గర మా ఊళ్ళోనే మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. మంచి పనివాడని పేరు. కొన్నేళ్ళుగా తాగుడు ఎక్కువైంది, ఈ ఏడాది పొద్దున్నే మొదలుపెడుతున్నాడు. రెండుసార్లు అతని చిట్టీ బాకీలు నేనే కట్టాను. పిల్లల ఫీజులకని పంపిన డబ్బు ఏమైందో మరదలికి తెలీదు. అమ్మకి ఒకటో తారీఖున వచ్చే పింఛను కూడా వాడి చేతిలోకే పోతోంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంటే రాలేదు. డీ-అడిక్షన్ సెంటర్‌కి అడ్వాన్సు కడితే ఆ రోజు ఊళ్ళోనే లేకుండా పోయాడు. గట్టిగా అడిగితే, "నన్ను బాగుచెయ్యడానికి నువ్వెవరు, నాకేం రోగం లేదు" అన్నాడు. కిందటేడు అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ ముట్టలేదు. మాల తీసిన సాయంత్రమే మళ్ళీ మొదలు. ఈమధ్య ఒకసారి మాత్రం, "కాయిల్ చుడుతుంటే చెయ్యి వణుకుతోందక్కా" అన్నాడు. కూరలో కలిపే పొడి ఒకటుందని ఒకరు, రాత్రిపూట వ్యాన్‌లో వచ్చి ఎత్తుకెళ్ళే సెంటర్ ఉందని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చెయ్యాలి? వదిలెయ్యాలా? (పేరు వద్దన్నారు)

సమాధానం:

మీ తమ్ముడు మీ నుంచి ఏం కాదన్నాడో, ఏం పుచ్చుకున్నాడో ముందు విడదీసి చూడండి. కాదన్నవి డాక్టరు, సెంటరు, మీ మందలింపు. పుచ్చుకున్నవి చిట్టీ బాకీల డబ్బు, ఫీజుల డబ్బు, అమ్మ పింఛను. అంటే అతను సాయం అక్కర్లేదనే మనిషి కాదు. ఏ సాయం కావాలో తనే ఏరుకుంటున్నాడు. తాగుడుకి అడ్డం రానిది తీసుకుంటున్నాడు, అడ్డం వచ్చేది తోసేస్తున్నాడు. కావాలని పన్నిన పన్నాగం అనుకోకండి. పొద్దున్నే తాగాల్సిన స్థితికి వచ్చిన మనిషి ఆలోచన అలాగే నడుస్తుంది. కానీ మీరు చెయ్యాల్సింది ఈ లెక్కలోనే ఉంది. అతను పుచ్చుకుంటున్న సాయాన్ని మీరు మార్చగలరు. కాదంటున్న సాయాన్ని అతని గొంతులో పొయ్యలేరు.

అతనొక్కడే మొండివాడని కూడా అనుకోవద్దు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వాళ్ళు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్సో సాయమో అందుకున్నట్టు చెప్పారు. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నది 180 మందికి ఒక్కరు. డబ్బు లేకో, సైకియాట్రిస్ట్ దగ్గర్లో లేకో వెళ్ళనివాళ్ళు అందులో ఉంటారు, సిగ్గుపడి వెళ్ళనివాళ్ళూ ఉంటారు. ఇంట్లోవాళ్ళ మీద కోపంతో వెళ్ళనివాళ్ళూ తక్కువేం కాదు.

"నువ్వెవరు" అన్న మాట మీకు గుచ్చుకుని ఉంటుంది. ఒకసారి అతని వైపు నుంచి వినండి. మీరు పెద్దవారు, నెల జీతం ఉంది, హైదరాబాద్‌లో ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఇచ్చేది మీరు, పుచ్చుకునేది అతను. అపాయింట్‌మెంట్ తీసుకున్నది మీరు, తేదీ పెట్టింది మీరు, అడ్వాన్సు కట్టింది మీరు. అతనికి మిగిలిన పని ఒక్కటే, వచ్చి కూర్చోవడం. ఊళ్ళో అందరి మోటార్లూ బాగుచేసే మనిషికి తన్ను ఎవరో బాగుచెయ్యడానికి బయల్దేరారంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. దీనికి తోడు భయం. మందు ఆపితే ఒంట్లో ఏమవుతుందో అతనికి మీకన్నా బాగా తెలుసు, ఎందుకంటే రోజూ పొద్దున్న దాని రుచి చూస్తున్నాడు. సెంటర్‌లో గొలుసులు వేస్తారట, కొడతారట అని వైన్ షాపు దగ్గర వినే కథలు సరేసరి. "నాకేం రోగం లేదు" అన్న మాటకి చాలాసార్లు అర్థం "నాకు భయంగా ఉంది" అని.

ఇక ఆ పొడి సంగతి. దాని జోలికి వెళ్ళకండి. ఇలాంటివాటిలో ఏం కలుపుతారో అమ్మేవాళ్ళు చెప్పరు. పొడి కాదు, అసలు మాత్రే తెచ్చి ఇంట్లో రహస్యంగా పెట్టేవాళ్ళూ ఉన్నారు. డైసల్ఫిరామ్ అని ఒక మందు ఉంది. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ప్రాణం మీదికే వస్తుంది. లివర్ దెబ్బతిన్నవాళ్ళకి అదీ ప్రమాదమే. అందుకే డాక్టర్లు ముందు పరీక్షలు చేసి, తాగితే ఏమవుతుందో వివరంగా చెప్పి, రోగి ఒప్పుకున్నాకే రాస్తారు. తెలిసి వేసుకున్నవాడు తాగకుండా ఉంటాడు. ఆ మందు పనిచేసే తీరే అది. తెలియకుండా పెడితే మామూలుగా తాగుతాడు, షాపులోనే పడిపోతాడు. ఒకవేళ ఏమీ కాక, విషయం ఎప్పుడో బయటపడిందనుకోండి, ఆ రోజు నుంచి మరదలు వడ్డించిన అన్నం మీద కూడా అతనికి నమ్మకం ఉండదు. ఆ ఇంట్లో ఇప్పటికీ మిగిలి ఉన్నది ఆ నమ్మకమే కదా.

వ్యాన్ మాటా అంతే. దేశంలో దీనికి చట్టం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా దాని పరిధిలోకే వస్తాయి. మనిషి ఇష్టం లేకుండా చేర్చుకునే సందర్భాలు అందులో లేకపోలేదు. తనకి తాను హాని చేసుకోబోయినా, ఎదుటివాళ్ళ మీద చెయ్యి చేసుకుంటున్నా, ప్రాణం మీదికి వచ్చేంతగా తన్ను తాను చూసుకోలేకపోతున్నా, 89వ సెక్షన్ కింద చేర్చవచ్చు. అప్పుడు కూడా అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు ఇవ్వాలి. ఒక సైకియాట్రిస్ట్, మరో వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పరీక్షించి అవసరమే అని తేల్చాలి. గడువు 30 రోజులు, పొడిగించాలంటే మళ్ళీ వేరే ప్రక్రియ. నలుగురు మనుషులు అర్ధరాత్రి వచ్చి కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తుకెళ్ళే పద్ధతి ఏ సెక్షన్‌లోనూ లేదు. ఇలా మనుషుల్ని చేర్చుకుని వైద్యం చేసే కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్టర్ అయి ఉండాలి. వ్యాన్ గురించి చెప్పినవారిని రెండు ప్రశ్నలు అడగండి: రిజిస్ట్రేషన్ ఉందా, రోజూ చూసే సైకియాట్రిస్ట్ ఎవరు? జవాబు నసుగుతూ వస్తే ఆ మాట అక్కడితో ఆపెయ్యండి.

మీరు అడగలేదు గానీ, నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన సంగతి వేరే ఉంది. పొద్దున్నే తాగడం, చెయ్యి వణకడం. ఈ రెండూ కలిశాయంటే ఒంటికి మందు అలవాటైపోయింది, లేకపోతే తట్టుకోలేకపోతోంది. ఈ స్థితిలో ఉన్నవాడి దగ్గర సీసా లాక్కుని గదిలో పెట్టి తాళం వేస్తే మంచి జరగదు. చుక్క పడని కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మనిషి మనిషిలా ఉండడు. లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నాడో తెలీదు, జ్వరం వస్తుంది. వైద్యం అందకపోతే ప్రాణాలు పోయే స్థితి అది. ఊళ్ళల్లో దీన్ని "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తూ కాలం గడిపేస్తారు. అలాంటి లక్షణం ఏది కనబడ్డా 108కి ఫోన్ చెయ్యండి. ఆ పూట ఒప్పుకోలు కోసం ఆగక్కర్లేదు. అత్యవసర వైద్యానికి చట్టమే వెసులుబాటు ఇచ్చింది.

మాల వేసుకున్నప్పుడు ఏమీ కాలేదు కదా అని మరదలు అనవచ్చు. అప్పటికి పొద్దున్నే తాగే అలవాటు లేదు. పైగా మానడం, మళ్ళీ మొదలెట్టడం ఇలా జరిగేకొద్దీ, ఆపినప్పుడు వచ్చే బాధ ముందుసారికన్నా ఎక్కువవుతుంటుంది. ఈసారి మాల వేసుకుంటానంటే సంతోషించండి, కానీ పీఠం దగ్గరికి వెళ్ళే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఆ 41 రోజుల్ని మాత్రం తక్కువ చెయ్యకండి. "మాల తీసిన సాయంత్రమే మళ్ళీ మొదలు" అని మీరు రాశారు. ఆ వాక్యంలో మీకు కనబడింది సాయంత్రం. నాకు ముందున్న 41 రోజులు కనబడుతున్నాయి. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, సాయంత్రం భజన, చుట్టూ తనలాంటివాళ్ళు, ఎవరు పిలిచినా "స్వామీ" అని మర్యాద. తాగే వేళకి అతనికి వేరే పనీ, వేరే మనుషులూ, ఒక గౌరవం దొరికాయి. మాల తీయగానే మూడూ ఒక్కసారే పోయాయి. మానలేనివాడని అనడానికి ఆ మండలం సాక్ష్యం కాదు. ఏం ఉంటే మానగలడో అది చూపించింది. అతనితో మాట్లాడేటప్పుడు, "అప్పుడు ఎలా ఉండేదిరా ఒంట్లో? నిద్ర పట్టేదా?" అని అడిగి ఊరుకోండి. జవాబు మీరు చెప్పకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది మీ ఉత్తరం చివర్లో ఉంది. "చెయ్యి వణుకుతోందక్కా" అన్నాడు. ఇన్నేళ్ళలో అతను తనంతట తాను మీతో చెప్పుకున్న ఇబ్బంది బహుశా అదొక్కటే. సన్నటి రాగి తీగ వరసలు తప్పకుండా చుట్టే పని అతనిది, చెయ్యి నిలబడకపోతే బతుకుదెరువు పోతుంది. ఆ సంగతి అతనికే దిగులుగా ఉంది. మీరు అప్పుడు ఏమన్నారో రాయలేదు. "తాగితే వణక్కేం చేస్తుంది" అని ఉంటే, మనలో చాలామంది అనే మాటే అది. ఇప్పుడు మళ్ళీ ఆ మాట దగ్గరికి వెళ్ళండి.

ఎప్పుడు, ఎలా అన్నది కూడా చెబుతాను. పండక్కి వెళ్ళినప్పుడు కాదు, ఇల్లంతా చుట్టాలుంటారు. రాత్రి తాగి ఉన్నప్పుడు అసలే కాదు. మామూలు రోజు ఒకటి చూసుకుని, పొద్దున్న వణుకు తగ్గి పనిలో కూర్చున్నాక, షాపుకే వెళ్ళండి. అమ్మనీ మరదల్నీ తీసుకెళ్ళద్దు. ముగ్గురు ఆడవాళ్ళు చుట్టూ నిలబడితే అతనికది పంచాయితీలా ఉంటుంది. "ఆ రోజు చెయ్యి వణుకుతోందన్నావు, ఇప్పుడెలా ఉంది?" అని మొదలుపెట్టండి. బాగానే ఉందంటే, సరే అనండి. పర్లేదు గానీ పొద్దున్న ఎక్కువగా ఉంటోంది అన్నాడంటే, "పనికి ఇబ్బందే కదరా. చెయ్యి సంగతి ఒకసారి చూపించుకుందామా? నేనొస్తాను. ఏ రోజు కుదురుతుందో నువ్వే చెప్పు" అనండి. తాగుడు అన్న మాట మీ నోట రాకూడదు. అది అతని నోట రావాలి. ఎదుటివాళ్ళు "మానెయ్" అంటే మనిషి "ఎందుకు మానక్కర్లేదో" వాదిస్తాడు, అలా వాదించి వాదించి తనే నమ్ముతాడు. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఈ గమనిక చుట్టూనే ఒక కౌన్సెలింగ్ పద్ధతిని తయారుచేశారు. మానడానికి కారణాలు తాగేవాడి నోటితోనే పలికించడం అందులో కీలకం. మీరు కౌన్సెలర్ కానక్కర్లేదు. నాలుగు ప్రశ్నలడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినగలిగితే చాలు. టీచర్లకి ఇది కొంచెం కష్టమేనని తెలుసు.

చెయ్యి వణుకు అని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం మోసం కాదా అని మీకు అనిపించవచ్చు. కాదు. వణుకు నిజం, దానికి వైద్యం కావాలన్నదీ నిజం. డాక్టరే ఎంత తాగుతున్నావని అడుగుతారు, లివర్ పరీక్ష రాస్తారు. కాగితం మీద కనబడ్డ అంకెని మీ మాటని కొట్టేసినంత తేలిగ్గా కొట్టెయ్యలేడు. జిల్లా ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ విభాగంలో చూపించవచ్చు. మొదటిసారి మానసిక వైద్యుడంటే రానంటే జనరల్ ఫిజీషియన్ దగ్గర మొదలుపెట్టినా నష్టం లేదు. మీరు ముందే ఫోన్ చేసి పరిస్థితి చెప్పి ఉంచండి. ఒక్క జాగ్రత్త. నీరసంగా ఉందని ఊళ్ళో గ్లూకోజ్ సెలైన్ పెట్టించుకునే అలవాటు ఉంటే ఆపించండి. బాగా తాగేవాళ్ళ ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. డాక్టరైతే ముందు ఆ ఇంజెక్షన్ చేస్తారు. మందు ఆపేటప్పుడు వచ్చే బాధని అణిచే మాత్రలు, తరవాత తాగాలన్న యావని తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మందులు ఉన్నాయి. అందరికీ సెంటర్‌లో నెలలు నెలలు ఉండాల్సిన అవసరం రాదు. ఈ సంగతి మీ తమ్ముడికి ఎవరూ చెప్పి ఉండరు. సెంటర్ అంటే తాళాలు అనుకుంటున్నవాడికి, ఇంటి దగ్గరే ఉండి వేసుకునే మాత్రలూ ఉన్నాయంటే చెవి ఇటు తిప్పుతాడు. ఎవరికి ఏది సరిపోతుందో మాత్రం డాక్టరే తేల్చాలి. ఫిట్స్ వచ్చే అవకాశం ఉంటే మొదటి వారం ఆసుపత్రిలో ఉండమంటారు.

డబ్బు దగ్గరికి వద్దాం. ఇది మీకు నచ్చకపోవచ్చు. ఇకమీదట అతని చేతికి ఒక్క రూపాయి వెళ్ళకూడదు. కోపంలో ఆపొద్దు, చెప్పి ఆపండి. "పిల్లల ఫీజు స్కూల్‌కే కడతాను. ఇంటి సరుకులు షాపులో నేనే కడతాను. బాకీలు మాత్రం ఇక నావి కావు. నువ్వు డాక్టర్ దగ్గరికి వెళ్దామన్న రోజు ఖర్చూ, తోడూ నావి." ఒక్కసారి, మామూలు గొంతుతో, అంతే. ఫైనాన్స్ వాళ్ళు మీకు ఫోన్ చేస్తే హామీ సంతకం పెట్టలేదని చెప్పండి, పెట్టకండి కూడా. మీరు బాకీ కట్టిన రెండుసార్లూ ఏం జరిగింది? తాగుడు ఖరీదు అతని దాకా చేరకుండా మధ్యలో మీరు పుచ్చుకున్నారు. అతని తలుపు తట్టాల్సినవాళ్ళు మీ తలుపు తట్టి వెళ్ళిపోయారు. షాపు తియ్యకపోతే ఒంట్లో బాగాలేదని మరదలు అబద్ధం చెబుతుంటే అదీ మానమనండి. పరువు కోసమే చెబుతోంది పాపం, కానీ ఆ పరువు చాటునే తాగుడు సాగుతోంది.

అమ్మ విషయం వేరు. ఆవిడకి కొడుకు చెయ్యి చాస్తే లేదనడం రాదు. నెలకి 4,000 పింఛను ఆవిడది, ఇవ్వద్దని గదమాయించే హక్కు మీకూ లేదు. ఆవిడ మందులు, పాలు, మనవల ట్యూషన్ ఇలా ఖర్చు ముందే పంచేసి, ఒకటో తారీఖు నాడే మరదలు దగ్గరుండి కట్టించేస్తే, రెండో తారీఖు నాటికి అడిగినా ఆవిడ చేతిలో ఉండదు. లేదని చెప్పడం కన్నా లేకపోవడం ఆవిడకి తేలిక.

మన దగ్గర ఆడవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మగాళ్ళకి బుద్ధి చెప్పడంతో ఆగలేదు, సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లా అంతా పాకి సారా వేలంపాటలు ఆగాయి. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండోదాన్ని ఎత్తేశారు, ఆ రాజకీయం ఇప్పుడొద్దు. ఆ ఆడవాళ్ళు తాగే మనిషి మీద కన్నా అతని చుట్టూ ఉన్నవాటి మీద ఎక్కువ బలం పెట్టారు. మీ చేతిలో ఉన్నది కూడా అతని చుట్టూ ఉన్నదే.

ఇదంతా ఊరికే ఓదార్పు మాట కాదు. తాగే మనిషి రానంటే అతని ఇంట్లోవాళ్ళకి శిక్షణ ఇచ్చే పద్ధతి ఒకటి అమెరికాలో ఉంది, పేరు క్రాఫ్ట్. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో, వైద్యం ససేమిరా అన్నవాళ్ళ బంధువులు 130 మందిని మూడు గుంపులు చేశారు. అందరూ కలిసి చుట్టుముట్టి నిలదీసే పద్ధతి నేర్చుకున్నవాళ్ళలో 30 శాతం మందే తమవాళ్ళని చికిత్సకి తేగలిగారు. క్రాఫ్ట్ నేర్చుకున్నవాళ్ళలో 64 శాతం మంది తేగలిగారు. మూడో గుంపుకి, అతన్ని వదిలి మీ మనసు మీరు చూసుకోండి అని చెప్పారు, వాళ్ళలో 13 శాతం. క్రాఫ్ట్‌లో నేర్పేది వినడానికి మామూలుగానే ఉంటుంది. తాగని వేళ అతనితో బాగా ఉండు, తాగిన వేళ పక్కకి తప్పుకో, తాగుడు వల్ల వచ్చిన నష్టాన్ని నువ్వు పూడ్చకు, సమయం చూసి అడుగు, ఊఁ అన్న వెంటనే తీసుకెళ్ళడానికి డాక్టర్ని సిద్ధంగా పెట్టుకో. ఈ చివరిది మరీ ముఖ్యం. ఇలాంటివాళ్ళు ఒప్పుకునే క్షణం పూటకన్నా ఎక్కువ నిలవదు. పక్కింటాయన కామెర్లతో ఆసుపత్రి పాలైన రోజో, కూతురు ఏదో అన్న రోజో, "సరే పదక్కా" అంటాడు. ఆ రోజు మీరు అపాయింట్‌మెంట్ కోసం ఫోన్లు చేస్తూ కూర్చుంటే, మర్నాటికి మాట మారిపోతుంది. ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు, ఏ రోజుల్లో ఉంటారు, కారు ఎవరిది, ఇవన్నీ ఇప్పుడే రాసి పెట్టుకోండి. మీరు హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి, ఊళ్ళో అతను కాదనని మనిషి ఎవరో ఒకరిని చూసుకోండి. మాల వేయించిన గురుస్వామి అయితే ఇంకా మంచిది.

ఇంకొకటి చెయ్యండి. అతని దగ్గర మీరేదైనా సాయం అడగండి. నటన వద్దు, నిజంగా అవసరమైనదే. మీ అపార్ట్‌మెంట్ బోరు మోటార్ తరచూ కాలిపోతుంటే, వైండింగ్ తేడానా, వోల్టేజ్ తేడానా అని అతనికే ఫోన్ చెయ్యండి. మీ ఇద్దరి మధ్యా చాలాకాలంగా మాటలన్నీ అతని తప్పుల గురించే. అతనికి తెలిసిన, మీకు తెలియని దాని గురించి ఒక ఫోన్ వస్తే ఎత్తుతాడు. ఎప్పుడూ పుచ్చుకునే చోటే ఉన్నవాడికి ఇంకో సాయం పుచ్చుకోవడం కష్టం. ఒకసారి ఇచ్చాక కొంచెం తేలికవుతుంది.

మీ ఉత్తరంలో మరదలు రెండు మాటల్లో వచ్చి వెళ్ళిపోయింది. పిల్లలు ఫీజుల దగ్గర మాత్రమే కనబడ్డారు. సాయం వద్దనేవాడి చుట్టూ తిరుగుతూ, అడిగితే తీసుకునేవాళ్ళని మర్చిపోవడం ఇలాంటి ఇళ్ళల్లో మామూలే. వాళ్ళని వాడు కొడుతున్నాడా? మరదల్ని విడిగా అడగండి. "ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా?" అని సూటిగా. అవునంటే పైన చెప్పిన ఓపిక సలహాలన్నీ రెండో వరసలోకి వెళ్తాయి. మొదట ఆమె, పిల్లలు క్షేమంగా ఉండాలి. 181 మహిళల హెల్ప్‌లైన్, ప్రమాదం అప్పటికప్పుడైతే 112. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు ఆమెకి ఉంటుంది. కొట్టడం లేదన్నా ఆమెకి మాట్లాడుకునే మనిషి కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎవరైనా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తాగేవాడే చెయ్యాలనేం లేదు. మత్తు విషయాలకి ప్రత్యేకంగా 14446 ఉంది. పిల్లలకి వేసవి సెలవులు మీ దగ్గర గడిచేలా చూడండి. నాన్న తాగుడు తమ తప్పు కాదని ఎవరో ఒక పెద్దవాళ్ళు వాళ్ళతో నోరు తెరిచి చెప్పాలి. అత్త చెబితే నమ్ముతారు.

వదిలెయ్యాలా అన్నారు. బాకీలు వదిలెయ్యండి, అపాయింట్‌మెంట్లు తీసుకోవడం వదిలెయ్యండి, వారం వారం మందలించే ఫోన్ వదిలెయ్యండి. తమ్ముణ్ణి వదలక్కర్లేదు. ఇవన్నీ చేసినా అతను రాకపోవచ్చు. 64 శాతం అంటే మిగిలిన 36 శాతం మంది ఇళ్ళల్లో కూడా అక్కలూ భార్యలూ సరిగ్గానే ప్రయత్నించారు. అప్పటికీ పిల్లలు చదువుకుంటుంటారు, మరదలికి ఒక దారి ఉంటుంది, మీ జీతం మీ దగ్గర ఉంటుంది.

డబ్బు ఆపిన కొత్తలో అతను రాత్రిపూట తాగి ఫోన్ చేస్తాడు. తిట్టవచ్చు, ఏడవవచ్చు. వాదించకండి, "పొద్దున్న మాట్లాడదాం రా, పడుకో" అని పెట్టెయ్యండి. చచ్చిపోతానంటే మాత్రం పెట్టెయ్యకండి. బెదిరింపు అని తేల్చుకునే పని మీది కాదు. లైన్‌లో ఉంచి, ఇంకో ఫోన్‌తో మరదలికో, పక్కింటివాళ్ళకో, 112కో చెప్పండి. మామూలు రాత్రి అయితే, మర్నాడు పది గంటలకి మీరే ఫోన్ చెయ్యండి. రాత్రి సంగతి ఎత్తకుండా, చెయ్యి ఎలా ఉందని అడగండి.